రెండు లైట్ల సైకిల్

సోమవారం పొద్దున జొన్నరొట్టె తింటూ హీరాలాల్, సాయంత్రం సైకిల్‌కు లైటు పెట్టించుకుని వస్తానని భార్యతో చెప్పాడు. అది ఎనభై నాలుగో సంవత్సరం, కార్తీక మాసం. మణుగూరు బొగ్గు గని ఆఫీసులో అతనిది అటెండరు పని. అయిదున్నరకు ఆఫీసు వదిలితే ఆరు మైళ్ల అడవి దారి తొక్కి తండా చేరేసరికి కన్ను పొడుచుకున్నా కనిపించదు. అంతకుముందు శుక్రవారం దారికి అడ్డంగా పడుకున్న బర్రె మీదికి సైకిల్ ఎక్కించాడు. బర్రెకు ఏమీ కాలేదు. అది లేవను కూడా లేదు. హీరాలాల్ ప్యాంటు మాత్రం మోకాలి దగ్గర చిరిగింది.

"డైనమో తెచ్చుకో. అగ్గువకొచ్చిందని ఏదో ఒకటి తేకు," అంది జమ్లి.

"అగ్గువ వేరు, నాసి వేరు. నేను వారం సంది అందర్నీ అడిగి తెలుసుకుంటున్న," అన్నాడు హీరాలాల్.

అది నిజమే. ఆఫీసులో హెడ్ క్లర్కు డైనమో అన్నాడు, టైపిస్టు డైనమో అయితే తొక్కలేవన్నాడు, క్యాంటీన్ వంటాయన కిరసనాయిలు లాంతరును మించింది లేదన్నాడు. సలహా ఇచ్చిన ముగ్గురూ ఆఫీసుకు బస్సులో వచ్చేవాళ్లే.

సాయంత్రం బస్టాండు పక్కన జకర్యా సైకిల్ షాపుకు వెళ్లాడు. డైనమో బిగించిన చక్రాన్ని చేత్తో తిప్పి చూసి, బరువుగా ఉందన్నాడు. ధర విన్నాక ఇంకా బరువుగా ఉందన్నాడు. జకర్యా ఓపిక గల మనిషి. బల్ల కింద నుంచి రెండు పాత టార్చిలైట్లు తీశాడు.

"రిపేరుకు ఇచ్చినోళ్లు మళ్ల రాలే. రెండూ కలిపి పన్నెండు రూపాయలియ్యి తమ్మీ. ఒకటి ఎడమకు కొడతది, ఒకటి కుడికి కొడతది. రెండూ ఎలిగిస్తే నడుమ రోడ్డు దొరుకుతది."

హ్యాండిల్ మీద బెల్లు, టిఫిన్ సంచి, రెండు చేతులు పోగా టార్చిలకు చోటు మిగల్లేదు. అందుకని జకర్యా గజం పొడుగు వెదురు బద్దను హ్యాండిల్‌కు అడ్డంగా పెట్టి, ట్యూబు ముక్కలతో బిగించి, రెండు కొసలకూ రెండు టార్చిలు కట్టాడు. హీరాలాల్ దూరం నుంచి చూసుకుని తృప్తిపడ్డాడు.

దారిలో అతనికి మరింత తృప్తి కలిగింది. ఎదురుగా వస్తున్న కట్టెల బండి అల్లంత దూరంలోనే రోడ్డు దిగి పొదల్లోకి వెళ్లిపోయింది. దూలం మోసుకొస్తున్న ఇద్దరు మనుషులు దాన్ని అక్కడే పడేసి చెరో దిక్కుకు పరుగెత్తారు. లైటు ఉంటే మనిషికి దక్కే మర్యాదే వేరని హీరాలాల్ అనుకున్నాడు.

తండా పల్లంలో ఉంది. గుట్ట మీది నుంచి తొక్కకుండానే సైకిల్ చప్పుడు లేకుండా జారింది. సగం దిగేసరికి కింద ఎవరో ఆడమనిషి "జీపు!" అని కేక పెట్టింది. హీరాలాల్ వెనక్కి తిరిగి చూశాడు. ఏ జీపూ కనిపించలేదు.

తండాకు జీపంటే ఒక్కటే, ఫారెస్టోళ్లది. ఆ నెలలో దాని భయం మరీ ఎక్కువగా ఉంది. తండాకు బడి మంజూరైంది. సర్కారు పంతులును ఇచ్చింది గాని గది ఇవ్వలేదు. నెలాఖరులోగా నీడ చూపించకపోతే పంతులును వేరే ఊరికి వేస్తామన్నారు. ఇరవై ఆరు మంది పిల్లలు పలకలు కొనుక్కుని కూర్చున్నారు. దాంతో తండా పెద్ద మోతీ నాయక్ మనుషుల్ని తీసుకెళ్లి, ఎవర్నీ అడక్కుండా, అడవిలో పదకొండు టేకు మొద్దులు కొట్టించాడు.

హీరాలాల్ చేరేసరికి తండాలో కుక్కలు తప్ప ఎవరూ లేరు. ఇంట్లో పొయ్యి మీద పప్పు పొంగి మంట ఆరిపోతోంది. దాన్ని దించి, గడపలో కూర్చున్నాడు. అరగంట తర్వాత మక్కజొన్న చేను లోంచి జమ్లి తల బయటికి వచ్చింది.

"జీపు పోయిందా?"

"ఏ జీపు? నేనే గద వచ్చింది."

"ఇంజను బందు వెట్టి దొంగతనంగ దిగింది. రెండు లైట్లు నా కండ్లతోని చూసిన."

జమ్లి గోడకు ఆనించిన సైకిల్‌ను, వెదురు బద్దను, దాని రెండు కొసలను కాసేపు చూసింది.

"నేను డైనమో తెమ్మన్న," అంది.

అప్పటికే జీపు భయంతో తండావాళ్లు పదకొండు మొద్దులనూ వాగులోకి దొర్లించేశారు. వాటిని పైకి లాగడానికి రెండు రోజులు పట్టింది. మోతీకి నడుం పట్టేసింది. మూడో రోజు అతను మంచం మీద పడుకునే పంచాయితీ పెట్టాడు.

"రెండు లైట్లుంటే జీపు. ఒక్కటుంటే నువ్వు. గుట్ట ఎక్కినంక ఒకటి ఆర్పు."

"ఒక్కదాంతోని ఎడమ పక్కనే కనవడతది కాకా."

"అయితే ఎడమకే రా."

హీరాలాల్ ఆ రోజు ఎడమకే వచ్చి జమ్లి మేనమామ దడిలో పడ్డాడు. మర్నాడు ఆర్పడం మర్చిపోయాడు. తండా మళ్లీ మక్క చేలోకి ఉరికింది. తిరిగొచ్చాక మోతీ, ఇంకోసారి కళ్లలో లైటు కొడితే కట్టెతో పగలగొడతానని నలుగురిలో చెప్పాడు.

శనివారం సాయంత్రం హీరాలాల్ ఆఫీసులో ఆలస్యమై, వాగు దాటుతుండగా వెనక నుంచి నిజంగానే జీపు వచ్చింది. అతన్ని దాటుకుని మెల్లగా ముందుకు పోయింది. మెల్లగా ఎందుకంటే దానికి ఒక్క లైటే వెలుగుతోంది. పాపం, వీళ్లకూ ఎడమ పక్కనే కనిపిస్తుంది కాబోలని హీరాలాల్ జాలిపడ్డాడు. నాలుగు గజాలు తొక్కాక లైట్లు ఇంకోసారి లెక్కపెట్టుకున్నాడు. తండా లెక్కలో ఒక్క లైటంటే జీపు కాదు, తనే.

ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తొక్కాడు. అతను ఇంకా గుట్ట అవతల ఉండగానే డ్రైవరు ఇంజను ఆపేసి జీపును పల్లంలోకి వదిలాడు. హీరాలాల్ బెల్లు కొడుతూ "జీపు! జీపు!" అని అరిచాడు. కింద నుంచి జమ్లి గొంతు ఖంగుమంది.

"ఎవ్వరూ ఉరకకుండ్రి! ఒక్కటే లైటు. మా ఆయనే!"

మొద్దులు తండా నడిబొడ్డున ఆరబెట్టి ఉన్నాయి. మోతీ నడుం మీద ఒక చెయ్యి, కట్టె మీద ఒక చెయ్యి వేసుకుని లైటుకు ఎదురు నడిచాడు.

"ఇంత లేటా? జల్దీ దిగి ఈ మొద్దులకు ఒక చెయ్యెయ్యి. ఏందిరా, మళ్ల కండ్లల్ల కొడుతున్నవు? ఆర్పు! ఆర్పుతవా, లేదా?"

లైటు ఆరలేదు. మోతీ అన్న మాట నిలబెట్టుకున్నాడు. అద్దం భళ్లున పగిలి చీకటైంది. ఆ చీకట్లో "ఎవడ్రా నువ్వు?" అని వినిపించిన గొంతు హీరాలాల్‌ది కాదు.

హీరాలాల్ రొప్పుతూ చేరేసరికి రేంజరు జీపు దిగి నిలబడ్డాడు. హీరాలాల్ రెండు టార్చిల వెలుతురూ సరిగ్గా మొద్దుల మీద పడింది.

"గవర్నమెంటు బండి పగలగొడతావా?" అన్నాడు రేంజరు.

"సర్కారు బండి అనుకోలే సార్. మా హీరాలాల్ అనుకున్న," అన్నాడు మోతీ నిజాయితీగా.

"ఈ మొద్దులేమిటి?"

"బడి సార్."

"బడి ఎక్కడ?"

"ఇదే సార్. ఇంకా నిలవడలే."

రేంజరు మొద్దులు లెక్కపెట్టి, మోతీ పేరు అడిగి, ఊరంతా పొద్దున్నే స్టేషనుకు రావాలన్నాడు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి మొద్దుల మీద కూర్చున్నారు. అప్పుడు డ్రైవరు దగ్గరికొచ్చి, లైటు లేకుండా వాగు దాటలేమని గొణిగాడు.

"పొద్దటిదాంక ఈడనే పండుండ్రి సార్," అన్నాడు మోతీ. "మంచమేస్త. ఎలుగుబంటొస్తే లేపుత."

రేంజరు అడవి వైపు చూశాడు. తర్వాత హీరాలాల్ సైకిల్ వైపు చూశాడు.

"నువ్వు ముందు నడువు. మణుగూరు దాకా."

ఆరు మైళ్లు అప్పుడే తొక్కి వచ్చిన హీరాలాల్ సరేననబోయాడు. జమ్లి వచ్చి హ్యాండిల్ పట్టుకుంది.

"మా ఆయన అలిసిపోయిండు సార్. మొద్దుల సంగతేందో తెలిస్తే ఓపికొస్తదేమో."

రేంజరు చాలాసేపు ఆలోచించాడు. అడవిలో ఏదో గుర్రుమంది. అది మోతీ గొంతు సవరించుకోవడమని తర్వాత తెలిసింది.

"బడికి కలప కావాలని సోమవారం దరఖాస్తు ఇవ్వండి," అన్నాడు రేంజరు. "మొద్దులు ఇక్కడే ఉండనివ్వండి. నేను రాసిస్తాను."

"అవ్ సార్. అందరూ విన్నరా?" అంది జమ్లి. అందరూ విన్నామన్నారు.

హీరాలాల్ బయలుదేరాడు. వెనకే చీకటి జీపు మొదటి గేరులో నడిచింది. ఎత్తులో అతను దిగి సైకిల్ తోస్తే, జీపు ఆగి నిలబడింది. మణుగూరు మొదట్లో ఉన్న ఫారెస్టు గేటు రాత్రి ఎనిమిది దాటితేనే దించుతారు. అది దించి ఉండగా హీరాలాల్ ఎన్నడూ చూడలేదు. కునుకు తీస్తున్న కాపలాదారు రెండు లైట్లు చూసి ఉలిక్కిపడి లేచాడు. గబగబా గేటు ఎత్తి, ముందు బండికి నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. వెనక బండిని ఆపి, లైట్లు లేకుండా ఎక్కడికి బయలుదేరావని అడిగాడు.