పొద్దున కలకత్తా, సాయంత్రం జనగామ

ఏడు గంటల బస్సెక్కి బేగంపేటలో దిగి, అక్కడి నుంచి విమానంలో కలకత్తా చేరి, గోనెసంచులు బేరం చేసుకుని రావాలన్నది ఆ రోజు కైలాసం వేసుకున్న పథకం. అది ఎనభై రెండో సంవత్సరం. జనగామ చుట్టుపక్కల వడ్లు కుప్పలు పడి ఉన్నాయి, నింపడానికి సంచుల్లేవు. కలకత్తా పోయి సంచుల మిల్లువాళ్లతో మాట్లాడి వచ్చినవాడే వర్తక సంఘానికి అధ్యక్షుడని పెద్దలు తేల్చారు. ఆ కుర్చీ మీద కైలాసానికి పదేళ్లుగా కన్ను.

విద్యాసాగర్‌కూ దాని మీదే కన్ను. కైలాసం విమానాన్ని చూసి జడిసి వెనక్కి రాకపోతే తాను పోటీ నుంచి తప్పుకుంటానని బజార్లో ప్రకటించాడు. వర్తకులు మాత్రం దూరం లెక్క చూశారు. జనగామ నుంచి హైదరాబాద్‌కు బస్సులో రెండున్నర గంటలు. హైదరాబాద్ నుంచి కలకత్తా పన్నెండు వందల కిలోమీటర్లున్నా విమానంలో రెండు గంటలే. కాబట్టి హైదరాబాద్‌కు జనగామ కన్నా కలకత్తాయే దగ్గరని నిర్ణయించారు.

విమానం ఊరి మీదుగా పోతుందని తెలిసి మధ్యాహ్నానికి బజారంతా డాబాలెక్కింది. ఆకాశంలో గోరంత విమానం కనబడగానే కైలాసం తల్లి గట్టమ్మ, "అగో, నా కొడుకు. కిటికీలకెల్లి చెయ్యూపుతున్నడు" అన్నది. పెద్దావిడకు కనబడింది మిగతావాళ్లకు కనబడకపోతే మర్యాదగా ఉండదు. అందరికీ కనబడ్డాడు. విద్యాసాగర్‌కైతే మీసాలు కూడా కనబడ్డాయి.

ఆ సమయానికి కైలాసం బేగంపేటలో నేల మీదే ఉన్నాడు. రెక్కలాడించకుండా అంత ఇనుము ఎట్లా ఎగురుతుందన్న అనుమానం సరిగ్గా మెట్ల దగ్గర పుట్టింది, కాళ్లు పైకి ఎక్కనన్నాయి. కట్టించుకున్న దద్దోజనం అక్కడే తిని, విమానం రద్దయిందని చెబుదామనుకుని తిరుగు బస్సెక్కాడు.

దీపాలు పెట్టే వేళకు నెత్తిన కండువా కప్పుకుని దిగి, దొడ్డిదారి పట్టబోతుంటే విద్యాసాగర్ చేతికే చిక్కాడు.

"గప్పుడే పొయ్యొచ్చినవా అన్నా? రెండు గంటలు పోను, రెండు గంటలు రాను. లెక్క సరిపోయింది."

బేరానికి టైం చాలక వట్టి చేతులతో వచ్చి ఉంటాడని పక్కవాళ్లు సర్దిచెప్పుకున్నారు. విమానం కదలనే లేదని కైలాసం అంటే నవ్వారు, వాళ్లు కళ్లారా చూశారు మరి. చివరికి సిగ్గు విడిచి, భయమేసి ఎక్కలేదని ఒప్పుకున్నాడు. కొడుకు దిగాడని విని వచ్చిన గట్టమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అయితే నేను సూసింది ఎవలను బిడ్డా? నలుగుట్ల నా మాట తీసేస్తవా?"

కన్నతల్లిని అబద్ధాలకోరును చేయడం కన్నా విమానం ఎక్కడమే సులువు. కైలాసం అక్కడికక్కడే ఎక్కేశాడు. "మబ్బులల్ల సలి ఉంటదే అవ్వా" అన్నాడు.

సంచులు రాకపోయినా పోయొచ్చినవాడు పోయొచ్చినట్టేనని పెద్దలు తేల్చారు. మెడలో దండ పడింది, కుర్చీ దక్కింది. అంతటితో ఆగితే బాగుండేది. ఇంత దగ్గరి ఊరికి రేపు మళ్లీ పోయి సంచులు తేవచ్చు కదా అని విద్యాసాగర్ మాట లేవదీశాడు. కానీ కుర్చీలో కూర్చున్నవాడికి తెలివి కూడా తోడొస్తుంది.

"అధ్యక్షుడు ఊళ్లె ఉండాలె. నేల మీదికెల్లి నా మీసాలు సూసిన కండ్లు నీయి. సంచులు సూసి తెచ్చుడు నీకో లెక్కనా? రేపు నువ్వే పో."

సభ చప్పట్లు కొట్టింది. మర్నాడు మధ్యాహ్నం గట్టమ్మకు కిటికీలో విద్యాసాగర్ కనబడ్డాడు. సాయంత్రం అతడూ నెత్తిన కండువాతో బస్సు దిగాడు. కైలాసం దండతో ఎదురెళ్లి, పైన చలి ఎట్లా ఉందని అడిగాడు. విద్యాసాగర్ దండకు మెడ వంచాడు.

"శాన ఉంది" అన్నాడు.

ఆ పంటకాలంలో జనగామ వర్తకులందరూ వంతులవారీగా కలకత్తా వెళ్లొచ్చారు. సంచులు వరంగల్ నుంచి లారీలో వచ్చాయి.