తెల్లబడిన షాంపేన్

ఆ మధ్యాహ్నంతో అత్తగారి ఉద్యోగం పూర్తవుతుంది. ముప్పై ఏళ్ళు నీటి పరీక్ష కేంద్రంలో ఊరందరి మంచినీళ్ళకీ మార్కులు వేసిన మనిషి ఆవిడ. అల్లుడి వంటకి మాత్రం ఆరేళ్ళుగా సున్నా దాటలేదు. ఈసారైనా ఆవిడ చేత "బాగుంది" అనిపించుకోవాలని అల్లుడు పొద్దున్నే నడుం కట్టాడు. ఆవిడ ఎప్పుడో ఒక సదస్సులో తాగి, ఇప్పటికీ తలుచుకునే పానీయం ఒకటుంది. సోంపు వాసన వేసే ఆకుపచ్చ మద్యం మీద షాంపేన్ పోయడమే. అల్లుడు కొలతలు కనుక్కున్నాడు. రంగు సంగతి ఎవరూ చెప్పలేదు.

ముందు తను రుచి చూద్దామని మద్యం కొంచెం వంచి, పైన షాంపేన్ పోశాడు. అద్దంలా ఉన్నది కాస్తా బియ్యం కడిగిన నీళ్ళలా అయింది.

"గ్లాసుకి సబ్బు పోలేదు!" అని సింకులో పారబోసి, కడిగి, మళ్ళీ కలిపాడు. మళ్ళీ తెలుపే. అదీ పారబోశాడు. మూడోసారి మరింత కడిగాడు. సీసాలో మిగిలిన ఆఖరి షాంపేన్ కూడా తెల్లబడింది.

"తప్పు నాది కాదు, కుళాయి నీళ్ళది," అన్నాడు భార్యతో.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట! మా అమ్మ చూసే నీళ్ళకి వంక పెడతారా? అంత నమ్మకముంటే ఫిర్యాదు చెయ్యండి."

పౌరుషానికి పోయి చేసేశాడు. నీళ్ళ ఆఫీసు వాళ్ళది అంతకు మించిన పౌరుషం. ముందుజాగ్రత్తగా వీధి మొత్తానికి సరఫరా కట్టేశారు. పది నిమిషాల్లో ఒంటినిండా సబ్బుతో ఒకాయన, ఖాళీ బకెట్లతో మిగతావాళ్ళు గేటు ముందు చేరారు. వాళ్ళ మధ్యకి పరీక్ష పెట్టెతో జీపు దిగింది అత్తగారు. ఆవిడకి ఇదే చివరి కేసు.

"ఫిర్యాదు మీదేనా అల్లుడు గారూ?"

సాక్ష్యంగా వరండాలో పెట్టిన మూడో గ్లాసు చూపించాడు. ఏడో ఏడూ సున్నాయేనని అతనికి అర్థమైపోయింది.

"అవేనట కుళాయి నీళ్ళు," అనుకున్నారు గేటు దగ్గర.

ఆవిడ గ్లాసు ఎత్తి వెలుగులో చూసింది. వాసన చూసింది. సదస్సు నాటి సోంపు వాసనే. తర్వాత, ముప్పై ఏళ్ళలో ఏ నమూనా విషయంలోనూ చేయని పని చేసింది. అడుగంటా తాగేసింది.

"నీళ్ళకి ఏ లోపమూ లేదు," అంది మూతి తుడుచుకుంటూ. "తెల్లగా రాకపోతేనే ఫిర్యాదు చెయ్యాలి బాబూ. బాగుంది. చాలా బాగుంది!"

అల్లుడికి కళ్ళు చెమర్చాయి. ఆరేళ్ళ ఆకలి ఆ ఒక్క మాటతో తీరింది. సరఫరా మళ్ళీ వదిలారు. జనం ఏదో ఆలోచించుకుంటూ ఇళ్ళకు వెళ్ళారు.

మర్నాడు ఆ వీధి నుంచి నీళ్ళ ఆఫీసుకి పదకొండు ఫిర్యాదులు అందాయి, తమ కుళాయిల్లో తెల్లగా రావడం లేదని.