లావు తీగ మీద సామి

ఆ బుధవారం పొద్దున కుమరేశన్ భార్యతో చెప్పింది ఒకటే. మందు కొట్టే స్ప్రేయరుకు వాషర్లు కావాలి, మదురైకి పోయి మధ్యాహ్నం కూటి వేళకు వచ్చేస్తాను. వాషర్లు మేలూరులోనే దొరుకుతాయి. ఆ సంగతి పరమేశ్వరికీ తెలుసు. తెలిసీ ఊరుకుంది, మొగుడు ఏ గుంతలో కాలు పెడతాడో చూద్దామని.

గుంత మూడు నెలల కిందటే ఫోనులో కనబడింది. ఎవరో ఒకాయన కుర్చీలో కూర్చుని, గిటారును ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, తీగల మీద స్టీలు కడ్డీని జారిస్తున్నాడు. మడవ తీస్తే కాలువలో నీళ్ళు పారినట్టు పాట పారుతోంది. కుమరేశన్ కళ్ళు ఆయన ఎడమచేతి మీదే నిలిచిపోయాయి. ఆ వేళ్ళు తీగల్ని నొక్కడమే లేదు! పదిహేనేళ్ళప్పుడు పంపుసెట్టు బెల్టులో పడి కుమరేశన్ ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ వంగడం మానేశాయి. గిటారు ఆశకు ఆనాడే నీళ్ళు వదులుకున్నాడు. వేళ్ళు వంగకపోయినా పలికే గిటారు ఒకటుందని నలభై ఎనిమిదో ఏట తెలిస్తే మనిషికి నిద్ర పడుతుందా?

మదురైలో వాద్యాల షాపులో సరణ్య అనే అమ్మాయి ఉంది. అతని తమిళంలో తెలుగు యాస పట్టేసి, "మీరు మనోళ్ళా అన్నా? మాది అవినాశి పక్కన" అని తెలుగులోకి దిగింది.

"ఎనిమిది తీగలది ఉండాది, కాళ్ళ మీద నిలబడేది ఉండాది. మీకు ఇదే మొదలా?"

"ఇదే మొదలమ్మా. ముట్టుకునేది కూడా ఇదే మొదలు."

"అట్లయితే ఆరు తీగలది చాలు. ఒళ్ళో పెట్టుకోండి."

పెట్టుకున్నాడు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. తీగల కింద వేలు దూర్చి చూసి, "తీగలు ఇంత ఎత్తున ఉండాయేమ్మా? ఫిట్టింగు తప్పా?" అన్నాడు.

"నొక్కేది కాదు గదన్నా, జారించేది. ఆ గీతలు గుర్తుకు మాత్రమే. కడ్డీని సరిగ్గా గీత మీదే నిలపండి. కొంచెం ఇటైనా అటైనా అపశ్రుతే."

ఆరు తీగలూ ఒక్కసారి మీటితే కలిసి పలికేటట్టు శ్రుతి కట్టి ఇచ్చింది. కడ్డీ, వేళ్ళకు తొడుగులు, చిన్న ఆంప్లిఫయరు. నచ్చకుంటే పది దినాల్లో వాపసు. కుమరేశన్ బస్సులో అందరికంటే ముందు గిటారుకు సీటు పట్టాడు.

"వాషర్లు యాడ?" అంది పరమేశ్వరి గుమ్మంలోనే.

అతను పెట్టె తెరిచాడు. ఆమె పెట్టె మీద అంటించిన చీటీ చదివింది.

"పది దినాల్లో వాపసు తీసుకుంటారు గదా? సరి. పదో దినానికి మా అమ్మ పాడే తాలాటును, ఆ జోలపాటను, అది ఆ పాటే అని నేను కనిపెట్టేటట్ల వాయించు. లేకుంటే నేనే దీన్ని బస్సెక్కిస్తాను."

"వాయిస్తానుమ్మే! పది దినాలెందుకు, ఎనిమిది చాలు!"

గురువారం పొద్దున పాలు పితికి, కొట్టం వాకిట్లో కూర్చుని ఆంప్లిఫయరు పెట్టాడు. చివరి రెండు వేళ్ళు అడ్డం రాకుండా పైకెత్తి పెట్టుకున్నాడు. అది అతనికి చిన్నప్పటి అలవాటు. కడ్డీని అన్నిటికంటే లావు తీగ మీద ఆనించి జారించాడు.

గుర్ర్ర్...ఊఁ...ఊఁ...మ్మ్!

వీళ్ళ కులదేవత జక్కమ్మ పండుగలో ఉరుమి అనే డోలు వాయిస్తారు. వంపు కర్రతో దాని చర్మాన్ని రుద్దితే అది మూలుగుతుంది. ఆ మూలుగు వింటేనే సామి ఒంటి మీదికి వస్తుంది. ఏటా వచ్చేది రామాయికి. కుమరేశన్‌కు మేనత్త, పక్కిల్లే. పండుగకు ఇంకా ఏడు నెలలుంది. ఆమె తన అరుగు మీద వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది.

చాట ఎగిరిపడింది. కొప్పు ఊడింది. "ఏయ్య్!" అంటూ రామాయి గోడ దాటి కొట్టం వాకిట్లోకి వచ్చి ఆడసాగింది. డెబ్భై ఏళ్ళ మనిషి గోడ ఎట్లా దాటిందో ఎవరూ చూడలేదు.

కుమరేశన్ హడలి చెయ్యి తీశాడు.

"నిలిపితివా? నన్ను నడిదోవలో నిలిపితివారా?" అని సామి గర్జించింది.

"అయ్యో, వాయించు!" అంది పరుగున వచ్చిన పరమేశ్వరి, పసుపు నీళ్ళ చెంబుతో. "సామి దిగకుండా నిలిపితే ఇంటికి కీడు!"

ఉరుమివాళ్ళకు సామిని దించే దెబ్బ వేరే ఉంటుంది. కుమరేశన్ ఫోనులో చూసిన మొదటి పాఠంలో అది లేదు. గంటన్నర సేపు ఆ లావు తీగనే గుర్రుమనిపించాడు. ఈలోగా వీధి చివరి ఇంటామె వచ్చి, తప్పిపోయిన తన మేక సంగతి అడిగింది. "తూర్పు!" అంది సామి. ఆ ఊళ్ళో మేకలు మేసేదే తూర్పున. సాయంత్రానికి మేక తనంతట తానే ఇల్లు చేరింది.

శుక్రవారం పొద్దునకల్లా వాకిట్లో నలుగురు ఆడవాళ్ళు నిమ్మకాయలతో కూర్చున్నారు. శనివారం షేర్ ఆటో వచ్చింది. ఆదివారం ఊరి పెద్ద సుబ్రమణియ నాయక్కరు స్వయంగా వచ్చి, మీసం దువ్వుకుంటూ కొట్టాన్ని నలువైపులా కొలిచాడు.

"అబ్బాయ్, వచ్చే శుక్కురవారం పెద్ద పూజ. ఎనిమిదూళ్ళకు చెప్పినాను. ఫ్లెక్సు కూడా అచ్చుకిచ్చినాను."

"మామా, నేను పాట నేర్చుకునేదానికి కొంటిని. ఆ శుక్కురవారమే నాకు పదో దినం."

"పాట ఎవురైనా వాయిస్తారు. సామిని పిలిచేది నీ గిటారొకటే."

కుమరేశన్ సన్న తీగ మీద చెయ్యి వేశాడో లేదో, వాకిలంతా ఒక్క గొంతుతో అరిచేది: "అది గాదు! లావుది, లావుది!" సోమవారానికి అతనికి తెలిసిన సంగీతమంతా ఒకే ఒక మూలుగు. తాలాటులో మొదటి మాట దగ్గరికి కూడా పోలేదు.  పరమేశ్వరి గిటారు పెట్టెను తుడిచి, బస్సులో పట్టేటట్టు తాడు కట్టి మూలన పెట్టింది. అది తిట్టడం కంటే ఘోరం.

మంగళవారం అతను సామికి విశ్రాంతి అని ప్రకటించి, గిటారును గోనెసంచిలో చుట్టుకుని చేలో పంపు గదికి పోయాడు. ఆంప్లిఫయరు లేకుంటే ఆ గిటారు చప్పుడు గది గడప దాటదు. అక్కడినుంచే సరణ్యకు ఫోను చేశాడు.

"ఏది వాయించినా గుర్రుమంటాదమ్మా. పాట లోపల యాడో ఉండాది, పైకి రాలేదు."

"కడ్డీ ఎనకాల తీగలు అదురుతా ఉండాయన్నా. చివరి రెండు వేళ్ళు ఎక్కడ పెట్టినారు?"

"పైకెత్తినాను. అవి వంగవమ్మా."

"వంగేదెందుకు? కడ్డీ ఎనకాలే తీగల మీద చాపి పడుకోబెట్టండి. కడ్డీతోపాటే జారనీయండి. అంతే వాటి పని!"

పెట్టాడు. జారించాడు. గుర్రు లేదు. స్వరం ఒక్కటే, కడిగిన గిన్నెలా. ముప్పై ఏళ్ళకు పైగా దాచుకున్న ఆ రెండు వేళ్ళనూ కళ్ళ ముందుకు తెచ్చుకుని చూసుకున్నాడు. పంపు గదిలో ఒక్కడే ఎగిరి గంతేస్తే నెత్తి స్టార్టరు పెట్టెకు తగిలింది. నొప్పి కూడా తెలియలేదు. ఆ మూడు దినాలూ మధ్యాహ్నాలు పంపు గదిలోనే గడిచాయి.

శుక్రవారం పది గంటలకు కొట్టం వాకిట్లో పాదం పెట్టడానికి చోటు లేదు. ఫ్లెక్సులో కుమరేశన్ కంటే నాయక్కరు మూడింతలున్నాడు. రామాయి ముందుగానే కొప్పు విప్పుకుని, వేపకొమ్మ పట్టుకుని పీట మీద సిద్ధంగా కూర్చుంది. పరమేశ్వరి వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడింది. కుమరేశన్ చూసింది ఆమె వైపు ఒక్కసారే. వేళ్ళు చాపి పడుకోబెట్టాడు. కడ్డీ జారింది.

తాలాటు వచ్చింది. రెండో చరణంలో ఒకచోట తడబడింది, మళ్ళీ దారిన పడింది. ఆఖరి దాకా వచ్చింది. పరమేశ్వరి గరిటె చేతి నుంచి ఎప్పుడు జారిందో ఆమెకు తెలియదు. "మా అమ్మది" అంది, ఎవరితోనో కాదు. "అట్లనే, ఆ విరుపుతోనే..."

వాకిట్లో జనం రామాయి వైపు చూశారు. రామాయి ఊగింది. జనం చేతులు జోడించారు. ఆమె మరికొంచెం ఊగి, పక్కనున్న స్తంభానికి ఆనుకుని, వేపకొమ్మను ఒళ్ళో పెట్టుకుని గురక తీసింది.

"లావుది వాయించు!" అని కేకలు లేచాయి. కుమరేశన్ లావు తీగ మీదా జారించాడు. అది కూడా తియ్యగానే పలికింది. రామాయి నిద్రలోనే బిడ్డకు జో కొట్టినట్టు తొడ తట్టుకుంది.

నాయక్కరు ముఖం ఎర్రబడింది. "చెడగొట్టినావు గదరా! ఎనిమిదూళ్ళ ముందర! ఈ పొద్దుతో గడువంటివి గదా, పంపెయ్ దీన్ని, మంచిది మార్చుకురా!"

"ఎవురు పంపేది?" పరమేశ్వరి కింద పడిన గరిటె అందుకుని వాకిట్లోకి దిగింది. తాడు కట్టిన పెట్టె మీద తనే ఎక్కి కూర్చుంది. "దీన్ని తాకిన చెయ్యి నాకు కావాల!"

చేతికి భయపడి నాయక్కరు నోటితో సరిపెట్టుకున్నాడు. పెట్టె మీద అంటించిన చీటీలో నంబరు చూసి షాపుకు ఫోను కొట్టాడు. మీ గిటారు పదో దినానికే చెడిపోయిందని జనమంతా వినేటట్టు గద్దించాడు.

"ఏం కంప్లయింటు సార్?" అంది సరణ్య.

నాయక్కరు నలువైపులా చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. "వాయిస్తే పాట వస్తా ఉండాదమ్మా."