సరిగ్గా తప్పిన కుందేలు

ఆదివారం ఉదయం పదకొండు గంటలకు మా ఇంటి హాల్లో ఒక కుందేలు వెలుగు చూసింది. ఊలుతో అల్లిన కుందేలు. అల్లింది మా ఆవిడ. అది కుందేలని మాకు వెంటనే తెలియలేదు.

మా అమ్మాయి ఏనుగు అనుకుంది. నేను టీ కెటిల్ మీద కప్పే తొడుగు అనుకుని కప్పి చూశాను. కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

"తియ్యండి దాన్ని. ఊపిరాడదు పాపం," అంది మా ఆవిడ.

"ఇంతకీ ఏమిటిది?"

"చూస్తే తెలీట్లేదా? కుందేలు."

చూశాను. చెవులు రెండున్న మాట నిజం. ఒకటి పైకి నిలబడింది. రెండోది పక్కింటి వైపు వాలింది. కళ్ల చోట కుట్టిన గుండీల్లో ఒకటి నా పాత చొక్కాది, ఇంకోటి కోటుది. కాళ్లు మూడు. నాలుగోది ఏదంటే, ఊలు అయిపోయిందని సమాధానం వచ్చింది.

ఆ రోజు నేనొక నిర్ణయానికి వచ్చాను. పాఠకులు కూడా రావాలని మనవి. చేతగాని చేతిపనే మనిషికి మిగిలిన ఏకైక భాగ్యం! చేతనైన పని ఎవరైనా చేస్తారు. అందులో జీతం తప్ప ఏముంది?

ఒక్కసారి ఆలోచించండి. మీ ఇంట్లో అందమైన బొమ్మ ఉంటే ఏమవుతుంది? వచ్చినవాళ్లు ఎక్కడ కొన్నారని అడుగుతారు. మీరు చెబుతారు. వాళ్లు వెళ్లి అంతకంటే పెద్దది కొంటారు. అక్కడితో స్నేహం చల్లారుతుంది. అదే మా కుందేలు ఉందనుకోండి. వచ్చినవాళ్లు దాన్ని చూస్తారు. తర్వాత మమ్మల్ని చూస్తారు. "బాగుంది" అంటారు, గొంతు బాగా తగ్గించి. ఆపైన తమ పిల్లల ర్యాంకుల గురించి చెప్పడానికి వాళ్లకు నోరు రాదు. టీ చల్లారకముందే లేస్తారు. ఇంతకంటే ఏం కావాలి?

కింది ఫ్లాట్‌లో ఒక ఇంజనీరు ఉన్నారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వంతెనలు కట్టారు. ఒక్కటీ కూలలేదు. రిటైరయ్యాక సొంతంగా ఒక కుర్చీ చేశారు. అందులో కూర్చున్నవాళ్లు నెమ్మదిగా ఎడమ పక్కకు జారతారు. అపార్ట్‌మెంట్ సంఘం మీటింగుల్లో ఆ కుర్చీని అధ్యక్షుడికి కేటాయించారు. అప్పట్నుంచి ఉపన్యాసాలు తగ్గాయి. తీర్మానాలు, అధ్యక్షుడు పూర్తిగా జారిపోయేలోపే ఆమోదం పొందుతున్నాయి. బాగా చేసిన కుర్చీ ఏదైనా ఈ మేలు చేయగలదా?

కుందేలు కంటే ముందు మా ఆవిడ నాకొక స్వెట్టర్ అల్లింది. ఒక చెయ్యి మోచేతి దగ్గర ఆగింది. రెండోది మోకాలి దాకా వచ్చింది. అది తొడుక్కుని మా పత్రికాఫీసుకు వెళ్లాను. ఎడిటర్ గారు నన్ను చూసి, ఏమీ అడగకుండా, వారం రోజులు విశ్రాంతి తీసుకోమన్నారు. అడగకుండా సెలవు దొరకడం నా సర్వీసులో అదే మొదలు. స్వెట్టర్ జాగ్రత్తగా దాచుకున్నాను.

ఇక మా ఆవిడ సంగతి. ఆవిడ ఆసుపత్రి బ్లడ్ బ్యాంక్‌లో పనిచేస్తుంది. రక్తం సంచి మీది వివరాలు, రోగి వివరాలు సరిచూసి పంపాలి. ఒకరికి పంపాల్సింది ఇంకొకరికి పోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకని పొద్దున వెళ్లింది మొదలు సాయంత్రం వచ్చేదాకా ప్రతి పేరూ రెండుసార్లు చదువుతుంది. ఇంటికొచ్చినా ఆ అలవాటు వదలదు. పాల ప్యాకెట్ మీది అక్షరాలు రెండుసార్లు చదువుతుంది. నేను తలుపు తీస్తే నన్ను ఒకసారి చూసి, మళ్లీ ఒకసారి చూసి, అప్పుడు లోపలికి వస్తుంది.

సాయంత్రం ఊలు పట్టుకునే ఒక్క గంట మాత్రం దేన్నీ రెండోసారి చూడదు. ముడి తప్పిందా, తప్పింది. రంగు మారిందా, మారింది.

"విప్పి మళ్లీ అల్లొచ్చు కదా?" అన్నాను ఒకసారి.

"పోనిద్దురూ. ఇదేమైనా ఎవరికైనా ఎక్కించాలా ఏమిటి?" అని నవ్వింది.

ఆ గంటలో ఆవిడ నవ్వుతుందని ఇంట్లో అందరం గమనించాం. ఇంత మంచి సంగతిని నాలుగు గోడల మధ్య దాచుకుంటే స్వార్థం కాదా? మా అమ్మాయికీ అదే అనిపించింది. కుందేలును కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఫోటో తీసి, 'అమ్మ చేతి పొరపాట్లు' అని పేరు పెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. రెండు రోజులు తిరక్కుండానే, మేం ఎప్పుడూ చూడని జనం మా కుందేలు క్షేమసమాచారాలు అడగడం మొదలుపెట్టారు.

మూడో రోజు మా బావమరిది దిగాడు. వాడు కంపెనీలకు సలహాలు ఇస్తుంటాడు. ఇంట్లో వాణ్ని అందరం సలహా అనే పిలుస్తాం.

"అక్కా, ఇది తప్పు కాదు. నీ స్టైల్."

"తప్పేరా. ఊలు అయిపోయింది."

"ఆ మాట బయట అనకు. మూడు కాళ్లే నీ గుర్తు. నాలుగోది పెట్టావా, నిన్ను పట్టించుకునేవాడు ఉండడు."

"ఇప్పుడు మాత్రం నన్నెవడు పట్టించుకోమన్నాడు? టీ తాగుతావా, లేదా?"

వాడు టీ తాగాడు. మా అమ్మాయితో కలిసి కుందేలుకు ఒక పేజీ కూడా తెరిచాడు.

మొదటి ఆర్డర్ ఒక పళ్ల డాక్టరమ్మ నుంచి వచ్చింది. వంకర పళ్లను వరసలోకి తేవడం ఆవిడ వృత్తి. క్లినిక్‌లో పిల్లలు ఎదురుచూసే గదికి కుందేళ్లు కావాలట. ఫోన్ స్పీకర్‌లో పెట్టి అందరం విన్నాం.

"అన్నీ ఆ ఫోటోలో ఉన్నట్టే వంకరగా ఉండాలండీ. ఒకదానికీ ఒకదానికీ తేడా రాకూడదు. పిల్లలు కొట్టుకుంటారు," అంది డాక్టరమ్మ.

"అది అనుకోకుండా అలా వచ్చిందండీ," అంది మా ఆవిడ.

"పర్లేదండీ. అలాగే అనుకోకుండా ఒక డజను చేసివ్వండి."

మా ఆవిడ ఇంకేదో అనబోయింది. మా అమ్మాయి అప్పటికే సరేనని మెసేజ్ పంపేసింది.

అనుకోకుండా జరిగే పనికి ఎంత ఏర్పాటు కావాలో మీకు తెలుసా? మొదటి కుందేలును నమూనాగా ప్రకటించి అద్దాల బీరువాలో పెట్టాం. ముట్టుకోవడం నిషేధించాం. ఏ ముడి ఎక్కడ తప్పిందో సలహా భూతద్దం పెట్టి పరిశీలించాడు. చెవి మొదలైన చోట ఒకటి, మెడ దగ్గర ఒకటి తప్పాయని తేల్చాడు. ఇక మీదట అక్కడే తప్పాలి. ఇంకెక్కడ తప్పినా అది తప్పు.

నాణ్యత చూసే బాధ్యత నాకు అప్పగించారు. నేను విలేకరిని. చూడంది రాయను, కొలవంది ఒప్పుకోను. మా అమ్మాయి పాత జామెట్రీ బాక్సులోంచి కోణమానిని తీసి నమూనా చెవిని కొలిచాను. ముప్పై డిగ్రీల వాలు. కొత్తగా అల్లిన కుందేలు చెవి ఇరవై దగ్గర ఆగిపోయింది.

"ఇందులో తప్పు సరిగ్గా పడలేదు. విప్పెయ్," అన్నాను.

మా ఆవిడ నా వైపు చూసింది. మళ్లీ చూసింది. విప్పింది.

కళ్ల దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. ఒక్కో కుందేలుకూ ఒక చొక్కా గుండీ, ఒక కోటు గుండీ కావాలి. చొక్కాలు ఇంట్లో చాలినన్ని ఉన్నాయి. ఉన్న ఒక్క కోటు గుండీలు చాలలేదు. కొత్త కోటు కొని, గుండీలు కోసుకుని, కోటును అటక మీద పెట్టాం. ఎడిటర్ గారి కోటు నుంచి ఒకటి ఎలా వచ్చిందన్న విషయం విచారణలో ఉంది కనుక ఇక్కడ రాయడం బాగుండదు.

ఇంట్లో క్రమశిక్షణ వచ్చింది, అది ఒప్పుకోవాలి. సాయంత్రం ఆవిడ రాగానే టీవీ ఆపేస్తాం. ఎవరూ గట్టిగా మాట్లాడం. ఆవిడ పెదవులు కదుపుతూ ప్రతి వరుసా లెక్కపెట్టుకుంటుంది. లెక్కపెట్టినదాన్ని మళ్లీ లెక్కపెడుతుంది. నవ్వడం మానేసింది. నవ్వితే లెక్క పోతుందట. చేతగానితనానికి ఇంత శ్రద్ధ చూపిన కుటుంబం ఇంకొకటి ఉంటే నాకు తెలియజేయగలరు.

డజను పూర్తయింది. పంపించాం. మర్నాడే ఏడు తిరిగి వచ్చాయి.

డాక్టరమ్మ మర్యాదస్తురాలు. ఫోన్ చేసి చెప్పింది.

"ఏమీ అనుకోకండి. ఇవి షాపులో కొన్నట్టున్నాయండీ. కాళ్లు మూడే గానీ, అల్లికలో ఎక్కడా ఒక్క లోపం కూడా లేదు. చెవులు చూడండి, ఎలా నిలబడ్డాయో."

పెట్టె విప్పి చూశాం. నిజమే. అల్లగా అల్లగా ఆవిడ చెయ్యి తిరిగిపోయింది. ముందు ఐదింటికి చెవి ఎలాగో వాలింది. తర్వాతవి తప్పుదామన్నా తప్పలేదు. ఏడు కుందేళ్లూ చెవులు నిక్కబొడుచుకుని పెట్టెలోంచి మా వైపు చూస్తున్నాయి. నా కొలతకు ఇవి ఎలా అందకుండా పోయాయని సలహా అడిగాడు. ఆ వారం నాకు ఆఫీసులో పని ఎక్కువగా ఉంది.

"కంగారు పడకక్కా. దీనికీ క్లాసులున్నాయి. పొరపాట్లు చెయ్యడం పద్ధతిగా నేర్పుతారు. చివర్లో సర్టిఫికెట్ ఇస్తారు," అన్నాడు సలహా.

"ఫెయిలైతే?" అంది మా ఆవిడ.

"ఏంటి?"

"ఆ క్లాసులో ఫెయిలైతే పాసైనట్టా, కానట్టా?"

వాడు ప్రశ్నను ఫోన్‌లో రాసుకున్నాడు. "కనుక్కుని చెప్తా," అన్నాడు.

మా ఆవిడ సూదిని ఊలు ఉండలో గుచ్చి బల్ల మీద పెట్టింది.

"ఒరేయ్, నేను పొద్దున్నుంచి ఒక బ్లడ్ బ్యాంక్‌లో పనిచేసి వస్తున్నా. మీరంతా కలిసి ఇంట్లో ఇంకోటి తెరిచారు," అంది. గొంతు పెంచలేదు.

"అదేంటమ్మా, నీ కోసమే కదా చేశాం," అంది మా అమ్మాయి.

"తెలుసే. అందుకే ఎవర్నీ తిట్టలేకపోతున్నా."

పాఠకులారా, మీరే చెప్పండి. ఇందులో మా పొరపాటేముంది? ఒక మనిషి చేతగాని పనొకటి పట్టుకుని, ఎవరికీ పనికిరాకుండా, తన మానాన తను సంతోషంగా చేసుకుంటూ ఉంటే, అయినవాళ్లు చూస్తూ ఊరుకోవాలా? చప్పట్లు కొట్టొద్దా? ఫోటో తీయొద్దా? ఊరుకోవడం అంటే ఏమిటో మాకు ఎవరూ నేర్పలేదు. దానికి క్లాసులున్నాయేమో సలహాను అడగాలి.

కాబట్టి నా మాట వినండి. రేపే మొదలుపెట్టండి. మట్టి పిసకండి, కాగితాలు కత్తిరించండి, గుడ్డలు కుట్టండి, అన్నీ వంకరగా రానివ్వండి. వచ్చిన వెంటనే ఒక ఫోటో మాత్రం మాకు పంపండి. ఎంత వంకర ఉండాలో మేం చెబుతాం. కోణమానిని ఖాళీగానే ఉంది.

చివరగా, అందిన సమాచారం ఇది. మిగిలిన ఊలంతా మా ఆవిడ పక్కింటావిడకు ఇచ్చేసింది. తిరిగి వచ్చిన ఏడు కుందేళ్లకు గిరాకీ లేదు. అపార్ట్‌మెంట్ డాబా మీద పాత సామాన్లు పడేసే మా గది ఒకటి ఉంది. శుక్రవారం సాయంత్రం ఆవిడ దాన్ని ఖాళీ చేసి, తలుపుకు కొత్త తాళం వేసింది. అప్పట్నుంచి డ్యూటీ నుంచి రాగానే పైకి వెళ్తోంది. లోపల ఏం జరుగుతోందో మాకు తెలియదు. కిటికీకి లోపలి నుంచి పాత పేపర్లు అంటించి ఉన్నాయి. వాటిలో నా వ్యాసాలు కూడా ఉన్నట్టు తెలిసింది.

నిన్న సాయంత్రం ఏడు గంటలకు ఆవిడ కిందికి వచ్చింది. మోచేతుల దాకా ఆకుపచ్చ రంగు అంటుకుని ఉంది. చెవి మీద కూడా కొంత ఉంది. మా అమ్మాయి ఫోన్ కోసం చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

గదికి తాళంచెవి ఒక్కటే. అది ఆవిడ దగ్గర ఉంది.