మా ఊరి పోలీసుకు కారెందుకండీ?

పోలీసుకు కారు ఉండకూడదు. ఇది నా నిశ్చితాభిప్రాయం. కారున్న పోలీసు పిలవగానే వచ్చి వాలతాడు. పిలవగానే వచ్చేవాడికి విలువేముంటుంది చెప్పండి!

నెబ్రాస్కా మొక్కజొన్న చేల మధ్య మాది హార్లిస్ బెండ్ అనే చిన్న ఊరు. ఒక చర్చి, రెండు బార్లు, ఒకే ఒక్క పోలీసు. పేరు వెండెల్ క్రాట్జ్. ఇంకెవరూ లేరు కనక చీఫ్ కూడా అతనే. నిరుటిదాకా అతనికో గస్తీ కారుండేది. దాని కుడి తలుపు పసుపుపచ్చ తాడుతో కట్టి ఉండేది. ఎంత నామర్దా!

ప్రభుత్వం మా మీద దయ తలిచింది. నేరాల నివారణకు గ్రాంటిస్తాం, తూటా తగిలినా చెక్కుచెదరని ఉక్కు బండి కొనుక్కోండి, ఊరి వాటాగా మీరూ కొంత వేసుకోండి అంది. మా ఖజానా ఎప్పుడో నిండుకుంది. కౌన్సిల్ వాళ్లు బుర్రలు బద్దలు కొట్టుకుని, ఆ వాటా కోసం గస్తీ కారును వేలం వేశారు.

"బండి బదులు మంచి కారొకటి ఇమ్మందామండీ" అని వెండెల్ నసిగాడు.

"కార్ల గ్రాంటు వేరేనయ్యా. దాని గడువు అయిపోయింది" అంది మేయరమ్మ గ్లెండా.

ఇక చూడండి మా వైభోగం! బండి వచ్చాక ఊళ్లో ఒక్క బాంబు పేలలేదు. అంతకు ముందూ పేలలేదనుకోండి, అది వేరే సంగతి. జులై నాలుగు స్వాతంత్ర్య దినం ఊరేగింపులో పిల్లలంతా దానిమీదెక్కి ఐస్‌క్రీం తిన్నారు. గ్రాంటు బండికే గానీ డీజిల్‌కు కాదు కనక వెండెల్ రోజూ కాళ్లీడ్చుకుంటూ గస్తీ తిరిగాడు. పొట్ట తగ్గి పెళ్లినాటి ప్యాంటులో పట్టేస్తున్నాడు. పోలీసు ఆరోగ్యం గురించి ఇంత ఆలోచించే సర్కారు ఇంకెక్కడైనా ఉందా?

అడెలిన్ వోబోరిల్ ఒక్కతే వాగు అవతల ఉంటుంది. చిన్నప్పుడు వెండెల్‌కు చర్చిలో పాఠాలు చెప్పిన మనిషి. మొన్న మధ్యాహ్నం స్టేషన్‌కు ఫోన్ చేసింది.

"ఒరేయ్ వెండెల్, చేను గట్టున ఎవరో ఇద్దరు తచ్చాడుతున్నార్రా. నాకెందుకో భయంగా ఉంది."

"తలుపేసుకోండి టీచరమ్మా! వచ్చేస్తున్నా!"

అత్యవసరానికని దాచిన కాస్త డీజిల్‌తో ఉక్కు బండి ఠీవిగా బయల్దేరింది. వాగు మీది కర్ర వంతెన దగ్గర అంతే ఠీవిగా ఆగింది. దాని బరువుకు వంతెన కూలిపోతుంది. పోనీ దిగి నడుద్దామంటే, వెనకాల బండినెవరైనా ఎత్తుకుపోతే గ్రాంటు తిరిగి కట్టాలి. వెండెల్ ఆలోచిస్తూ నిలబడ్డాడు.

ఈలోగా అడెలిన్ ఇంటి ముందు కారు ఆగిన చప్పుడైంది. కిటికీలోంచి తొంగి చూస్తే పసుపుపచ్చ తాడు కనిపించింది. ఆ కంగారులో ఆమెకు వేలం సంగతి గుర్తు రాలేదు.

"వచ్చావా నాయనా!" అంటూ తలుపు బార్లా తీసింది.

కారులోంచి దిగింది చేను గట్టున తచ్చాడిన ఆ ఇద్దరే. దాన్ని వేలంలో కొన్నదీ వాళ్లే. ఆమెను కుర్చీలోకి తోసి, చనిపోయిన భర్త ఎమిల్ వాయించిన ఎకార్డియన్ పట్టుకుపోయారు. ప్రతి ఆదివారం ఆమె తుడిచి ఒళ్లో పెట్టుకునే ఎకార్డియన్ అది. పొయ్యి పక్కన చల్లారబెట్టిన కొలాచీలనే గసగసాల తీపి రొట్టెలు కూడా వదల్లేదు.

వాళ్లు తిరిగి వెళ్తుంటే, వంతెన మీద తన పాత కారు కనపడగానే వెండెల్‌కు ప్రాణం లేచొచ్చింది. మర్యాదగా బండి వెనక్కి తీసి దారిచ్చాడు. అలవాటు కొద్దీ చెయ్యి కూడా ఊపాడు. వాళ్లూ ఊపారు. సంస్కారం ఉన్న దొంగలు!

సోమవారం కౌన్సిల్ సమావేశంలో మేయరమ్మ ముఖం వెలిగిపోయింది. "ఊళ్లో నేరాలే లేవని గ్రాంటు కోసేస్తామన్నారు. అడెలిన్ పుణ్యమా అని ఈసారి డ్రోన్ కూడా వస్తుంది!" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంటికొచ్చాక నామీద నాకే అసహ్యం వేసింది.

నిన్న వెండెల్ క్షమాపణ చెప్పుకుందామని నడుచుకుంటూ వంతెన దాటి వెళ్లి, అడెలిన్ తలుపు తట్టాడు.

"ఎవరూ?"

"నేనే టీచరమ్మా. పోలీసుని."

"పోయినసారీ పోలీసే అనుకుని తీశాను నాయనా" అంది లోపల్నుంచి.

తలుపు తియ్యలేదు. రెండో గడియ కూడా పడిన చప్పుడు వినిపించిందట.