సైలెన్సరుకు సర్టిఫికెట్టు ఉంది

"ఇవాళ్టితో మీ ఊరి నీటి కరువు రద్దు!" అని పంచాయతీ సమితి అధ్యక్షులు రామబ్రహ్మం గారు 1961 ఏప్రిల్‌లో మైకులో ప్రకటించారు. గురజాల దగ్గర, మిట్ట మీదున్న ఆ ఊరికి నేను కాపురానికి వచ్చి అప్పటికి పన్నెండు రోజులు. కరువును రద్దు చేయవచ్చని బి.ఏ.లో నాకెవరూ చెప్పలేదు. అక్కడి బడిలో మాస్టారైన మావారూ నేనూ కొత్త బిందెను చెరోపక్కా పట్టుకుని నీళ్ల లారీకి ఎదురు వెళ్లాం. ఎంత బాగుందో!

అది మిట్ట సగం ఎక్కి, మూలిగి, ఆగిపోయింది.

"డ్రైవర్ని సస్పెండ్ చెయ్యండి," అన్నారు అధ్యక్షులు. ఆలస్యమనేది ఆయన ఎరగరు.

డ్రైవరు యేసుపాదం చేతులు కట్టుకున్నాడు. "ముగ్గురు పిల్లలయ్యా. ఒక్కసారి మెకానిక్‌ని చూడనియ్యండి."

నరసరావుపేట నుంచి లారీతోపాటే వచ్చిన మెకానిక్ మన్సూర్, ఇంజన్ రేజ్ చేయించి, పొగగొట్టం చివర అరచెయ్యి పెట్టాడు.

"పొగ సరిగా రావట్లా. సైలెన్సరు లోపల మూసుకుపోయింది. ఊపిరి వదలకుండా నువ్వు మిట్టెక్కగలవా ఏంది?"

పొగ ముందే బయటికి పోయేలా, సైలెన్సరుకు ముందున్న జాయింటు బోల్టులు వదులు చేశాడు. లారీ నిండు ట్యాంకుతో గర్జించి ఇరవై గజాలు ఎగబాకింది.

"అబ్బో, పోతందే!" అని పక్కింటి బసవమ్మ పిన్ని బిందె ఎత్తింది.

"ఆపండి!" అన్నారు అధ్యక్షులు. "ఆ సైలెన్సరు పోయిన నెల మా బావమరిది సప్లై చేసింది."

అందరం ఆగాం. లారీ కూడా.

బి.డి.ఓ. గారు ఫైలు తిరగేశారు. "సైలెన్సరుకు సర్టిఫికెట్టు ఉంది సార్. నీళ్లకు లేదు."

అక్కడికక్కడే టెక్నికల్ కమిటీ ఏర్పడింది. బోల్టులు మళ్లీ బిగించారు. సగం ట్యాంకు నీళ్లు కిందికి వదిలేశారు. లారీ కదల్లేదు. మొత్తం వదిలేశారు. లారీ కొత్త పెళ్లికూతురిలా మెల్లగా ఊళ్లోకి నడిచింది. జనం చప్పట్లు కొట్టారు.

నీళ్లు మా పాదాల మీదుగా పారాయి. మావారు అందరిముందే నా చెయ్యి పట్టుకున్నారు. పెళ్లయ్యాక మేం కలిసి చూసిన మొదటి ఏరు అదే.

రిపోర్టు తయారైంది: "ఇంజను భేష్. సైలెన్సరు భేష్. నీరు అధిక బరువు."

"సంతకం పెడితే ఉద్యోగం, లేకపోతే సస్పెన్షన్," అని బి.డి.ఓ. గారు పెన్ను అందించారు.

యేసుపాదం మన్సూర్ వైపు చూశాడు.

మన్సూర్ స్పానరు తుడుచుకున్నాడు. "పెట్టన్నా. ఇంజనుకు పిల్లల్లేరు."

పెట్టాడు.

ఆ మర్నాటి నుంచి లారీ, అధిక బరువు లేకుండా, ఒక్క రోజు తప్పలేదు. మేమూ లైను తప్పలేదు.

"ఏమే పిల్లా, లారీ వచ్చిందా?" అని బసవమ్మ పిన్ని ఇంట్లోంచే అడిగేది.

"వచ్చింది పిన్నీ, చానా టైముకొచ్చింది!"

ఆగస్టు పదిహేనున అధ్యక్షులు స్వయంగా యేసుపాదం చొక్కాకు పతకం గుచ్చారు. ప్రశంసాపత్రాన్ని మావారే చదివారు:

"నాలుగు నెలల సర్వీసులో, దారిలో ఒక్క చుక్క నీరైనా ఒలకనివ్వని డ్రైవరు."