అక్కాబావల క్రెడిట్లు

గడియారాల మెకానిక్ ఆ ఉదయం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. దుకాణం తెరిచేలోపు కాలేజీకి వెళ్లి, డిగ్రీకి తక్కువైన రెండు క్రెడిట్లు ఎలా సంపాదించాలో కనుక్కుని రావాలి. డిగ్రీ చేతికొస్తే పెద్ద సభలో పేరు పెట్టి పిలుస్తారు. ఆయన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఆ ఊళ్లో ఎవరూ మిగల్లేదు.

"తెలిసిన సబ్జెక్టుకి నేరుగా పరీక్ష రాయొచ్చు, పని అనుభవం చూపించొచ్చు," అంది కాలేజీలో సలహాలిచ్చే కౌన్సిలరు.

"ఆ రెండూ వాడేశాను మేడమ్."

"అయితే ప్రాజెక్టు చెయ్యండి. ముగ్గురు కలిసి చెయ్యాలి. బయటివాళ్లయినా పర్లేదు, వాళ్లకీ క్రెడిట్లిస్తాం."

ముగ్గురనేసరికి ఆయన గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. క్లాసు పిల్లలు ఆయన్ను ఎంతో మర్యాదగా అంకుల్ అని పిలిచి, అంతే మర్యాదగా దూరంగా కూర్చుంటారు. ఇంట్లో పలికేవి గోడ గడియారాలే, అవీ గంటకోసారే.

చివరికి వేరే ఊళ్లో ఉన్న అక్కకు ఫోన్ చేశాడు. "నీ పేరూ బావ పేరూ ఇస్తానక్కా. పనంతా నేనే చూసుకుంటా."

"ఇచ్చుకోరా. వేళకి తింటున్నావా?"

బస్టాండు గడియారం ఎందుకు తప్పు చూపిస్తోందో పరిశోధన మొదలైంది. ప్రాజెక్టు చూసే మాస్టారు ముగ్గుర్నీ వీడియోలో రమ్మన్నారు. అక్కకు జ్వరమన్నాడు. మళ్లీ రమ్మంటే బావ కాలు విరిగిందన్నాడు. జాలిగుండె మాస్టారు పరామర్శకు నేరుగా ఫోన్ చేస్తే, విరిగిన కాలుతో బావ వాకింగుకు వెళ్లి ఉన్నాడు.

అక్క తమ్ముడి పరువు కాపాడబోయింది. "కాలు అతికిందండీ! మా వంతు పని మేం చేస్తాం!" అనేసింది. ఆ మాట నిలబెట్టుకోవడానికి మొగుడూ పెళ్లాలు తమ ఊరి బస్టాండులో గడియారం కింద కూర్చుని, వచ్చేపోయే వాళ్లనల్లా అడిగి ఓ నివేదిక పంపారు.

ఫలితాలొచ్చాయి. అక్క పాస్, బావ పాస్. మెకానిక్ పేరు పక్కన 'జట్టుతో కలిసి పనిచెయ్యలేదు' అని ఉంది.

"అక్కా, ఏం చెప్పావే మాస్టారితో?"

"తమ్ముడు మీకు ఏం పని అప్పజెప్పాడని అడిగారురా. ఏమీ లేదన్నాను. చిన్నప్పట్నించీ నువ్వంతేగా, ఎవర్నీ ఏదీ అడగవు. అడిగితే మేం రామట్రా?"

ఆయనకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ల ఒంటరితనంలో సగం తను చేజేతులా చేసుకున్నదేనని ఆ పూట తెలిసింది. సరే, అడగడం ఇవాళే మొదలుపెడదామని కౌన్సిలరు దగ్గరికి వెళ్లాడు.

"మా అక్కాబావలకి ఆ క్రెడిట్లు అక్కర్లేదట మేడమ్. నాకు మార్చండి."

ఆవిడ కళ్లజోడు సవరించుకుంది. "కాలేజీ నుంచి కాలేజీకి మారతాయండీ. అక్క నుంచి తమ్ముడికి మారవు."